మొక్కు లేని జుట్టు

దేవరాజులు ముప్పై ఏళ్లకు పైగా కొండమీద కల్యాణకట్టలో తలనీలాలు తీశాడు. రేణిగుంట రోడ్డులో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఆయన ఇల్లు. పొద్దున్నే స్నానం చేసి, నుదుట సన్నని నామం దిద్దుకొని, కత్తిని తెల్లగుడ్డలో చుట్టి సంచిలో వేసుకొని మొదటి బస్సుకు బయలుదేరేవాడు. ముసలివాళ్లు ఎవరైనా బస్సు మెట్టు ఎక్కలేకపోతే వెనకనుంచి మోచెయ్యి పట్టి ఎక్కించేవాడు. వాళ్లు తిరిగి చూసేసరికి ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూస్తుండేవాడు.

పనిలో ఆయనకొక పద్ధతి ఉండేది. తలకు నీళ్లు అద్దేటప్పుడు, “ఏం మొక్కప్పా?” అని అడిగేవాడు. ఆడవాళ్లయితే, “ఏం మొక్కుకున్నావమ్మా?” అనేవాడు. వరసలో కూర్చునే మిగతావాళ్లకు అంత ఓపిక ఉండేది కాదు. పక్క పీటమీది వరదయ్య ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు.

“నువ్వు గొరగతాండావా, వాంగ్మూలం రాసుకుంటాండావా దేవరాజా? నేను ముగ్గురికి ముగిస్తే నువ్వు ఒగరికాడే ఉండావు.”

“మా నాయన చెప్పినాడప్పా. తల వంచినోడు ఉత్తనే వంచడంట. దేనికి వంచినాడో ఒక మాట అడిగి కత్తి పెట్టమన్నాడు.”

అడిగితే వాళ్లు చెప్పేవాళ్లు. బిడ్డ పుట్టిందని, కోర్టు వ్యాజ్యం తేలిందని, తప్పిపోయిన ఎద్దు ఇల్లు చేరిందని. అంతా విని, “స్వామి చూసుకున్నాడు. గోవిందా అను” అని అప్పుడు కత్తి పెట్టేవాడు. చిన్నపిల్లలైతే వాళ్ల మెడ నొప్పెట్టకుండా ఎడమచేతిని గడ్డం కింద మెత్తలా ఉంచేవాడు. ఆ చెయ్యి కిందనే ఎందరో పిల్లలు నిద్రపోయారని వరదయ్యే నాతో చెప్పాడు.

ఆయన భార్య కుప్పమ్మ. వాళ్లకు పిల్లలు లేరు. కుప్పమ్మ జుట్టు మోకాళ్లు తాకేది. తలంటుకున్న రోజు ఆమె అరుగు మీద కూర్చొని ఆరబెట్టుకుంటుంటే, ఊరందరి తలలూ గొరిగేవాడి ఇంట్లో ఇంత జుట్టు ఎట్లా మిగిలిందని వీధివాళ్లు నవ్వుకునేవాళ్లు.

వాళ్ల ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అవతల, జాగీర్ సింగ్ రేకుల షెడ్డు ఉండేది. లారీల కింద కుదుపు ఆపే కమాన్ కట్టలు విరిగితే విప్పి కొత్తవి వేసే పని ఆయనది. ఎన్నో ఏళ్ల కిందట మామండూరు దగ్గర ఒక పంజాబు లారీ బోల్తా పడితే, దాన్ని బాగుచేయించడానికి ఆగిన డ్రైవరు ఆయన. లారీ వెళ్లిపోయింది, ఆయన వెళ్లలేదు. మనిషి పొడుగు. తలపాగా ఎప్పుడూ బూడిదరంగే. గ్రీజు అంటినా తెలియకుండా ఉంటుందనేవాడు. ఆయన దగ్గర పనిచేసే చిన్నబ్బ మా వీధివాడే, నలభై దాటినవాడు.

ఎండాకాలం మధ్యాహ్నాలు కుప్పమ్మ చెంబుతో మజ్జిగ తీసుకుపోయి షెడ్డులో ఇచ్చేది. ఆమె బకెట్టు పిడి ఊడినా, తిరగలి కర్ర కదిలినా సింగు బిగించి పెట్టేవాడు. తెలుగు అంతా మాట్లాడేవాడు గాని ఆడమాట, మగమాట ఆయనకు ఎప్పటికీ కుదరలేదు.

“చిన్నబ్బా, కుప్పమ్మక్క మజ్జిగ తెచ్చినాడు, రా.”

“తెచ్చినాడంట! నాకు మీసాలు కనపడ్నాయా సింగూ నీకు?” అనేది కుప్పమ్మ. చిన్నబ్బ లారీ కిందనుంచే నవ్వేవాడు.

ఎనభై మూడు చివరలో కుప్పమ్మకు కడుపు ఉబ్బడం మొదలైంది. తిరుపతిలో చూపించారు, కషాయాలు తాగించారు. సంక్రాంతి దాటాక ఒక ఉదయం ఆమె లేవలేకపోయింది. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. ఆ సమయానికి సింగు షెడ్డులో ఒక లారీ పని ముగించుకొని చిత్తూరు మీదుగా వేలూరు వైపే బయలుదేరుతోంది. సింగు వచ్చి, చేతులు తుడుచుకొని, కుప్పమ్మను దుప్పటితో సహా ఎత్తుకొని లారీ ముందుసీట్లో పడుకోబెట్టాడు. దించి వెనక్కి వస్తాడనుకున్నారు. రాలేదు. పదకొండు రోజులూ దేవరాజులుతోబాటు ఆ ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు.

రోజూ పొద్దున సింగు తలపాగా విప్పి జుట్టు దువ్వుకునేవాడు. చిన్న చెక్కదువ్వెన. నడుము దాటే జుట్టు, అక్కడక్కడ నెరసింది. దేవరాజులు దాన్ని పనివాడి కళ్లతో చూసేవాడు.

“ఇంత జుట్టు పెట్టుకొని ఎట్ల సింగూ? మా కొండకు ఇచ్చేస్తే పుణ్యమన్నా వచ్చును.”

“ఆయనే ఇచ్చినాడన్నా. ఇచ్చినదాన్ని అట్లే పెట్టుకోవడం మా పద్ధతి. మీరు తిరిగి ఇస్తారు, మేం కాపాడుకుంటాం. యాడున్నా ఆయనదే కదా.”

దేవరాజులుకు ఆ మాట బాగుందనిపించింది. “మీ స్వామి ఎట్లుంటాడు సింగూ?” అని అడిగాడు.

దువ్వెన ఆగింది. “రూపం లేదన్నా. బొమ్మ చెయ్యలేం. ఆయన్ని ఎవురూ కనలేదు, ఎవురూ చెయ్యలేదు. తనంతట తానే ఉండాడు. ముసలోడు కాడు, సావడు. ఒక్కడే.”

“తెల్లారి లేపేదెవురు మరి?”

మా ఊళ్లో అది మామూలు ప్రశ్న. మా స్వామిని రోజూ పాడి లేపుతారు, స్నానం చేయిస్తారు, నైవేద్యం పెడతారు, మళ్లీ పడుకోబెడతారు. ఆ వేళలతోనే మా ఊరి వేళలు నడుస్తాయి.

“నిద్రపోడన్నా ఆయన.”

“నైవేద్యం?”

“ఆకలి లేదు.”

“అయితే మీరు చేసే సేవ ఏంది?”

“ఆకలున్నోళ్లకి పెడతాం. గొప్పోడు, బీదోడు లేకుండా అందర్నీ ఒకే వరసలో కింద కూర్చోబెట్టి పెడతాం. ఆయన యాడుండాడని చిన్నప్పుడు అడిగితే, ఆ వరసలో ఉండాడు పోయి వడ్డించు అని మా అమ్మ చెప్పినాడు.”

“చెప్పింది,” అంది కిటికీ లోపల మంచం మీదనుంచి కుప్పమ్మ. గొంతు సరిగ్గా రాలేదు గాని ఆ మాట ఇద్దరికీ వినపడింది. ఆమె నవ్వినట్టు కూడా అనిపించింది.

తొమ్మిదోరోజు దేవరాజులు తన మొక్కు బయటపెట్టాడు. కుప్పమ్మ నయమై ఇల్లు చేరితే ఆమె తలనీలాలు ఇప్పిస్తానని స్వామికి మొక్కుకున్నాడట. కుప్పమ్మతో చెబితే, “ఊర్లో తలలన్నీ అయిపోయినాయా, నా తలమీద పడినావు?” అందట. తర్వాత, “సరే, ఇస్తాలే” అందట.

“ఆలస్యంగా మొక్కినానేమో సింగూ. తెచ్చిన రోజే మొక్కింటే సరిపోయేది. స్వామికి కోపం వచ్చిందేమో.”

“భయం లేనోడు, పగ లేనోడు అని ఆయనకు పేరన్నా. పగ లేనోడికి కోపం ఎట్ల వస్తాది? ఆయనతో బేరం లేదు. ఇవ్వాలనుకుంటే దయ చూపిస్తాడు. మనం ముందు ఇచ్చినామా, వెనక ఇచ్చినామా అని చూడడు.”

“మరి ఈమెకు ఇట్ల ఎందుకు?”

“హుకుం,” అన్నాడు సింగు. “లోకంలో ఏది జరిగినా ఆయన హుకుంలోనే జరగతాదంటారు మా పెద్దలు. ఎందుకంటే నాకు తెలీదన్నా. తెలుసని చెప్పేంత గొప్పోణ్ని కాదు.”

“నా పెండ్లాము ఇట్ల పడుండడం హుకుమా? నీ హుకుం నీకాడే పెట్టుకో.” దేవరాజులు లేచి కొళాయి దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి సింగు గ్లాసుతో టీ తెచ్చి గోడమీద పెట్టి వెళ్లిపోయాడు. టీ చల్లారాక దేవరాజులు తాగాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం కుప్పమ్మ పోయింది.

తిరుపతికి తెచ్చాక ఆడవాళ్లు ఆమెకు తలదువ్వి, జడ వేసి, పూలు పెట్టారు. ఆ జుట్టంతా ఆమెతోనే పోయింది. స్వామికి ఇస్తానన్నది స్వామికి చేరలేదు. ఇది దేవరాజులు ఎవరితోనూ అనలేదు, కర్మ చేయించిన అయ్యవారితో కూడా. కర్మలు ముగిసేదాకా సింగు రోజూ మూతగిన్నెలో రొట్టెలు, పప్పు తెచ్చి అరుగు మీద పెట్టి పోయేవాడు. దేవరాజులు తిన్నాడు. రుచి తెలియలేదు.

పదిహేనో రోజు మళ్లీ కొండెక్కాడు. చలికాలం కల్యాణకట్ట చన్నీళ్లలో నానిన వేళ్లు మొద్దుబారుతాయి. కత్తి చేతిలో ఉందో లేదో కూడా తెలియదు. అలవాటు కొద్దీ చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. ఆయన మొత్తం మనిషే అట్లా అయ్యాడు. నవ్వేవాడు, చూసేవాళ్లకు తేడా తెలిసేది కాదు. “ఏం మొక్కప్పా?” అని అడిగేవాడు గాని చెప్పింది చెవికి చేరేది కాదు. ఒకరోజు నెల్లూరువైపు రైతు ఒకడు, చావు మంచం మీదనుంచి లేచిన తన భార్యను చూపించి దండం పెట్టాడు. ఆమె పసుపు పూసుకొని పక్కనే కూర్చొని ఉంది. దేవరాజులు ఆమెను చూశాడు. ఏడుపు రాలేదు, అసూయ పుట్టలేదు. “స్వామి చూసుకున్నాడు. గోవిందా అను” అన్నాడు. తల ముగించి తర్వాతివాణ్ని రమ్మన్నాడు.

అట్లా తొమ్మిది నెలలు జరిగాయి.

ప్రధానమంత్రిని ఢిల్లీలో కాల్చి చంపిన వారం మా ఊళ్లో కూడా అంగళ్లు మూశారు. రేడియోలో రోజంతా విషాద సంగీతమే. అక్కడ సర్దార్లను ఇళ్లలోంచి లాగి చంపుతున్నారని ఒకరూ, రైళ్లలోంచి దించుతున్నారని ఒకరూ చెప్పుకున్నారు. ఎవరో సింగు షెడ్డు రేకుల మీద ఒక రాయి వేశారు. ఎవరన్నది తెలియలేదు. ఆ సాయంత్రం మా వీధి ఆడవాళ్లు ఇద్దరు, కుప్పమ్మ మాదిరే, చెంబుతో మజ్జిగ తీసుకుపోయి ఇచ్చి వచ్చారు. సింగు తాగి, చెంబు కడిగి ఇచ్చాడు.

వారం దాటాక టెలిగ్రాం వచ్చింది. ఢిల్లీలో ఉండే ఆయన చెల్లెలు బచన్ కౌర్, ఆమె కూతురు ఒక బడిలో పెట్టిన శిబిరంలో ఉన్నారు, వచ్చి తీసుకుపొమ్మని. బావ పేరు అందులో లేదు.

మర్నాడు ఉదయం కల్యాణకట్టలో దేవరాజులు ఒకరిని ముగించి పంపి, తలెత్తకుండానే చెంబు నీళ్లలో ముంచాడు. ఎదుట వచ్చి కూర్చున్నవాడి మోకాళ్లు పెద్దవిగా ఉన్నాయి. చేతిగోళ్లలో గ్రీజు ఉంది. తలెత్తి చూశాడు. జాగీర్ సింగ్. వెనక టోకెను పట్టుకొని చిన్నబ్బ.

సింగు తలపాగా విప్పి ఒడిలో పెట్టుకున్నాడు. ముడిలోంచి చెక్కదువ్వెన తీసి పిడికిట్లో పట్టుకున్నాడు. ఆవనూనె వాసనతో జుట్టు జారి పీట తాకింది. చుట్టూ గోవింద నామం ఆగలేదు గాని పక్క వరసలో ఇద్దరు తిరిగి చూశారు.

దేవరాజులు చెయ్యి అలవాటుగా నీళ్లు అద్దింది. జుట్టును రెండు పాయలు చేసి ముడులు కూడా వేసింది. నోరు కూడా అలవాటుగా అడిగింది.

“ఏం మొక్కప్పా?”

“మొక్కు లేదన్నా.”

కత్తి ఆగింది. “మొక్కు లేకుండా ఎందుకు మరి?”

చిన్నబ్బ వంగి చెప్పాడు. “నేనే చెప్పినా దేవరాజన్నా. రైళ్లల్లో తలపాగా చూసి దించుతాండారంట. గడ్డమూ జుట్టూ లేకపోతే ఎవురికి తెలస్తాది? తిరపతి గుండును యాడా ఎవురూ నువ్వెవురని అడగరు. ఇంకా దండం పెట్టి లడ్డుండాదా అంటారు. ఈ పొద్దే మద్రాసు పోయి రైలు పట్టుకోవల్ల.”

“నువ్వుండు చిన్నబ్బా. ఆయన చెప్పనీ.”

సింగు తల వంచుకునే ఉన్నాడు. “భయమన్నా,” అన్నాడు.

“భయం లేనోడని చెప్పినావే ఆ పొద్దు వేలూర్లో.”

“ఆయనకు లేదన్నా. నాకుండాది.” దువ్వెన పట్టిన పిడికిలి బిగిసింది. “హుకుం అని నీకు చెప్పినా. కష్టం నీ ఇంటికి వచ్చినప్పుడు ఆ మాట సులభంగా వచ్చింది. నా ఇంటికి వచ్చినాక గొంతు దిగల్లేదు. మా అమ్మ రోజూ దువ్విన జుట్టన్నా ఇది. కానీ బచన్ ఆడుండాది. తియ్యన్నా.”

ఈసారి ఆడమాట సరిగ్గానే వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

దేవరాజులు కత్తి పట్టుకొని కూర్చున్నాడు. తీయకపోతే ఈ మనిషి తలపాగాతోనే రైలెక్కుతాడు. దారిలో ఏమైనా జరగొచ్చు. తీస్తే, చేరేది చేరతాడు గాని పోగొట్టుకొని చేరతాడు. కుప్పమ్మను దుప్పటితో ఎత్తుకున్న చేతులు ఎదుట ఒడిలో ఉన్నాయి. ఆ చేతులకు కాదని ఎట్లా అనడం?

“ఏందప్పా ఆలస్యం?” అన్నాడు వరదయ్య. “టోకెను తెచ్చినాడు, తల వంచినాడు. తీసి పంపు. వరస సూడు ఎంతుండాదో.”

“మొక్కు లేదంట వరదయ్యా.”

“లేకపోతే నీకేం పోయింది? అడక్కుండా ఉండింటే తెలిసేదే కాదు కదా. అందుకే నిన్ను అడగొద్దనేది.”

దేవరాజులు కత్తి మడిచి పక్కన పెట్టాడు. తాను వేసిన ముడులు తానే విప్పాడు. భుజం మీది తువ్వాలు తీసి ఆ జుట్టు తడి ఒత్తసాగాడు, చిన్నపిల్లలకు ఒత్తినట్టు.

“ఇది స్వామికి ఇచ్చేది కాదు సింగూ, భయానికి ఇచ్చేది. దానికి నేను తియ్యలేను. చుట్టుకో.”

“బచన్?”

“నేను పోతా.”

చిన్నబ్బ నోరు తెరిచాడు. వరదయ్య చేతిలో కత్తి కూడా ఆగింది.

“నీకు హిందీ రాదన్నా,” అన్నాడు సింగు.

“నీకు తెలుగొచ్చిందా? ఇన్నేండ్లు బతకలే?”

“నువ్వు వేలూరు దాటి పోలేదు.”

“పోలేదు. నామం పెట్టుకున్న ముసలి గుండోణ్ని యాడైనా ఎవురు దించుతారు? ఎవురూ దించరు.”

“ఆమె నా చెల్లెలన్నా. నేను పోవల్ల.”

“కుప్పమ్మ నీకేమయితాది? నువ్వు మోసుకొని పోలేదా?”

సింగు తలపాగా గుడ్డ తీసుకున్నాడు గాని ఎంత చుట్టినా మడత నిలవలేదు. చిన్నబ్బ ఒక కొస పట్టుకున్నాడు.

“మరి ఈ టోకెను?” అన్నాడు వరదయ్య.

దేవరాజులు లేచి వరదయ్య ఎదుట పీటమీద కూర్చున్నాడు. “నాకు తియ్యి.”

వరదయ్య చెంబు ముంచాడు. ఎన్నడూ అడగనివాడు ఆ రోజు అడిగాడు. “ఏం మొక్కు దేవరాజా?”

“ఇద్దరూ రావల్ల.”

“వచ్చినాక కదా ఇచ్చేది?”

“పోయినసారి వచ్చినాక ఇస్తామన్నాం. ఇప్పుడు బేరం లేదు. ముందే ఇస్తాండా.”

నెత్తిమీద నీళ్లు పడ్డాయి. దేవరాజులు ఉలిక్కిపడ్డాడు. అవి ఎంత చల్లగా ఉన్నాయో! ఇన్నేళ్లు ఎందరి తలలమీదో పోసిన నీళ్లు అవి. వెన్నులోకి దిగాయి. తొమ్మిది నెలల్లో తన ఒంటికి ఒకటి తెలిసిందంటే అదే మొదలని, తర్వాత ఎప్పుడో నాతో అన్నాడు. అంతకన్నా ఏమీ చెప్పలేదు. మళ్లీ వెంటనే అంతా మొద్దుగానే ఉందట.

సెలవు అడిగితే కల్యాణకట్టలో పని చూసే మేస్త్రీ, ఎన్ని రోజులని కూడా అడగకుండా, పోయి రమ్మన్నాడు. మధ్యాహ్నం షెడ్డులో కూర్చొని సింగు పది హిందీ వాక్యాలు చెబితే దేవరాజులు తెలుగు అక్షరాలతో కాగితం మీద రాసుకున్నాడు. నేను జాగీర్ సింగ్ మనిషిని. నేను తిరుపతి నుంచి వచ్చాను. ఆమె అన్న బాగున్నాడు. పాపకు తినడానికి ఏమైనా కావాలా. ఇట్లాంటివి. సింగు తన లిపిలో చెల్లెలికి ఒక ఉత్తరం రాసి ఇచ్చాడు. చిన్నబ్బ ఇంట్లోంచి దుప్పటి తెచ్చాడు. మా ఇంట్లోనుంచి పులిహోర కట్టి ఇచ్చాం.

ప్రయాణం గురించి దేవరాజులు పెద్దగా చెప్పలేదు. రైల్లో చిన్నబ్బ అన్నట్టే జరిగిందట. గుండు, నామం చూసి జరిగి చోటిచ్చారు. ఒక ముసలామె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, ఆయన తలవంచుకున్నాడు. ఢిల్లీలో ఆ బడి వెతికి పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. శిబిరంలో తరగతి గదులనిండా మనుషులు, చప్పుడు మాత్రం లేదు. కాగితం చూసి వాక్యాలు ఒక్కొక్కటే చదువుతూ గదిగదికీ తిరిగాడు. మూడో గదిలో ఒకామె లేచి నిలబడింది. పక్కన ఏడేళ్ల ఆడపిల్ల.

ఆమె అన్న ఉత్తరం చదివింది. తర్వాత దేవరాజులు గుండును చాలాసేపు చూసింది. ఏదో అడిగింది. ఆయన కాగితంలో దానికి జవాబు లేదు. అక్కడ కాపలా ఉన్న సిపాయి ఒకడు నెల్లూరువాడు. వాడు వచ్చి తెలుగులో చెప్పాడు: “మా అన్న కూడా జుట్టు తీసేసినాడా అని అడగతా ఉందయ్యా.”

“లేదని చెప్పప్పా. తియ్యనీలేదని చెప్పు.”

వాడు చెప్పాడు. ఆమె కూర్చొని, గోడవైపు తిరిగి, చిన్నగా ఏదో అంది. దేవరాజులు అడిగితే సిపాయి చెప్పాడు. ఆమె భర్త ఆ రోజు స్నానాలగదిలో తలుపేసుకొని తన జుట్టు తానే కత్తెరతో తీసేసుకున్నాడట. అయినా వదల్లేదట.

దేవరాజులు కాగితంలో నాలుగో వాక్యం చూసుకొని, “పాపకు తినడానికి ఏమైనా కావాలా?” అని హిందీలో చదివాడు.

వెళ్లిన తొమ్మిదో రోజు ఉదయం ముగ్గురూ రేణిగుంట స్టేషన్లో దిగారు. పాప దేవరాజులు భుజంమీద నిద్రపోతోంది. ఎడమచెయ్యి దాని గడ్డం కింద ఉంది. సింగు ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్నాడు, బూడిదరంగు తలపాగాతో. బచన్ కౌర్ సంచి కింద పెట్టి అన్న దగ్గరికి నడిచింది. ఏడవలేదు. చెయ్యెత్తి ఆయన తలపాగా అంచు కింద, చెవి వెనక, వేళ్లు పెట్టి చూసింది. జుట్టు ఉంది. అక్కడే చెయ్యి ఉంచి నిలబడిపోయింది. మనుషులు వాళ్లను తప్పించుకొని నడిచారు. కాసేపటికి ఆమె తమ భాషలో రెండు ముక్కలు అంది. సింగు తల ఊపాడు.

ఆమె ఏమన్నదో దేవరాజులు అడగలేదు. పాపను చిన్నబ్బ భుజం మీదికి మార్చి, దాని చెప్పు ఒకటి జారితే తీసి తొడిగాడు.

దారిలో సింగు, “మా బావ?” అని ఒక్క మాట అడిగాడు. దేవరాజులు సిపాయి చెప్పినది చెప్పాడు. దాచలేదు. షెడ్డు చేరాక సింగు, “హుకుం ఏందో నాకు ఇప్పటికీ తెలీదన్నా” అన్నాడు. “నువ్వు వచ్చి నిలబడినావు, అది మాత్రం తెలుసు. మా అమ్మ చెప్పిన వరస ఇదేనేమో.”

“నాకు తెలీదు సింగూ. నాకు అసలే తెలీదు,” అన్నాడు దేవరాజులు. “కడుపుకు తిని పండుకోండి.”

ఆ మధ్యాహ్నం బచన్ కౌర్ రొట్టెలు చేసింది. షెడ్డు ముందు చాప పరిచి అందరినీ వరసగా కూర్చోబెట్టారు. సింగు, చిన్నబ్బ, పాప, సరుకు దించడానికి ఆగిన లారీవాళ్లు ఇద్దరు, మా ఇంటివాళ్లం. దేవరాజులు చివర కూర్చున్నాడు. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైందన్నాడు. ఆమెకు అర్థం కాక ఇంకో రొట్టె వేసింది.

మర్నాడు ఆయన మొదటి బస్సుకు కొండెక్కాడు. తర్వాత పదేళ్లు ఆ పీటమీదే పనిచేశాడు. ఎప్పటిమాదిరే, “ఏం మొక్కప్పా?” అని అడిగేవాడు. చెప్పింది కొన్నిసార్లు వినేవాడు, కొన్నిసార్లు చెవికి ఎక్కేది కాదు. ఒకటే మారిందని వరదయ్య చెప్పేవాడు. చెంబు ముంచాక నీళ్లు నేరుగా తలమీద పోసేవాడు కాదట. ముందు దోసిట్లో పట్టి, చలి కొంచెం విరిగేదాకా చేతుల్లోనే ఉంచుకొని, అప్పుడు అద్దేవాడట.

“నీ వల్ల వరస ఇంకా ఆలస్యమయితాండాది దేవరాజా.”

“కానీలేప్పా. చల్లగుండాయి నీళ్లు.”